క్లార్క్ నవలల్లో మనుషులు చప్పగా ఉంటారా? ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి?

మీరు అడిగినవి రెండు. ఇంగ్లిష్ అంతంతమాత్రంగా వచ్చినవాళ్లు సైన్స్ ఫిక్షన్ రచయిత ఆర్థర్ సి. క్లార్క్‌ను దేనితో మొదలుపెట్టాలి, ఆయన నవలల్లో మనుషులు చప్పగా ఉంటారట, నిజమేనా అని. మొదటిదానికి జవాబు ఒక్క ముక్క: ‘రాండెవూ విత్ రామా’. 1973లో వచ్చింది. రెండోదానికి మాత్రం కొంచెం నా సంగతి చెప్పుకోవాలి.

నేను గోదావరిఖనిలో 26 ఏళ్లు బొగ్గుబాయిలో ఎలక్ట్రీషియన్‌గా చేశాను. చదువు ఐటీఐ. ఒకసారి హైదరాబాద్ పోయినప్పుడు, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే ‘రామా’ అన్న మాట కనబడి కొన్నాను. భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌లో మొదలుపెడితే రామగుండంలో దిగేసరికి పాతిక పేజీలు కూడా కాలేదు. ఇంటికొచ్చాక శంకరనారాయణ డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. రెండో వారానికి డిక్షనరీ అవసరం తగ్గిపోయింది. క్లార్క్ వాక్యం అంత సాఫీగా ఉంటుంది. అధ్యాయాలు కూడా చిన్నవి, షిఫ్టుకు పోయే ముందు ఒకటి అయిపోతుంది.

మా అమ్మ పుస్తకం పేరేమిటని అడిగితే ‘రామా’ అన్నాను. పుస్తకం కళ్లకద్దుకుని దేవుడి పటాల పక్కన పెట్టింది. ఆమెది మరీ తప్పేం కాదు. నవలలో ఖగోళ శాస్త్రవేత్తలకు గ్రీకు, రోమన్ దేవుళ్ల పేర్లు అయిపోయి మన దేవుళ్ల పేర్లు వాడుకుంటుంటారు, అట్లా ఆకాశంలో కొత్తగా కనబడిన వస్తువుకు రాముడి పేరు పడుతుంది.

కథ 2131లో జరుగుతుంది. బయటి నుంచి సౌర కుటుంబంలోకి ఏదో వస్తుంది. మామూలు గ్రహశకలమే అనుకుంటారు. దగ్గరికి పోయి చూస్తే నున్నటి స్తూపం, 50 కిలోమీటర్ల పొడవు, 20 కిలోమీటర్ల వెడల్పు, నాలుగు నిమిషాలకో చుట్టు తిరుగుతూ ఉంటుంది. నార్టన్ అనే కెప్టెన్ తన మనుషులతో లోపలికి దిగుతాడు. లోపల అంతా బోలు, చిమ్మచీకటి.

ఆ చీకటి దగ్గరే నేను పుస్తకానికి చిక్కాను. ఒక నైట్ షిఫ్టులో పాత లెవెల్‌లో కేబుల్ పని మీద నేనూ, కొత్తగా చేరిన హెల్పర్ పిల్లగాడూ ఉన్నాం. పని అయిపోయాక, చీకటి అంటే ఏమిటో చూపిస్తా అని ఇద్దరి క్యాప్‌ల్యాంపులూ ఆర్పించాను. ముక్కు ముందు చెయ్యి ఊపినా కనబడదు. కానీ ఊపుతున్నది మన చెయ్యే కాబట్టి, ఏదో కదిలినట్టు మెదడు అబద్ధం చెప్తుంది. పిల్లగాడు పది సెకన్లు కూడా ఆగకుండా, ‘అన్నా, ఇగ చాలు, లైటెయ్యి’ అన్నాడు. నార్టన్ ఆ చీకట్లోకి ఒక తారాజువ్వ లాంటి ఫ్లేర్ వదిలి, అది వెలిగే దాకా ఆగుతాడు. ఆ పేజీ నేను మూడుసార్లు చదివాను.

మీ రెండో ప్రశ్నకు జవాబు నాకు అక్కడే దొరికింది. బాయిలో పక్కన పనిచేసేవాడి ఇంటి గొడవలు మనకు తెలియవు. కానీ సర్దార్, అంటే బాయిలో మా భద్రత చూసే పెద్ద, కర్రతో పైకప్పు కొట్టి, బోలుగా మోగగానే ‘వెనక్కి రండి’ అనే తీరులోనే ఆ మనిషి ఎట్లాంటివాడో తెలిసిపోతుంది. క్లార్క్ మనుషులూ అంతే. వాళ్ల ప్రేమలు, ఏడుపులు ఆయన పెద్దగా పట్టించుకోడు. పని చేస్తుండగా చూపిస్తాడు. నార్టన్‌కు కుతూహలం ఎంతున్నా, తిరిగొచ్చే దారి చూసుకోకుండా అడుగు వెయ్యడు. నాకది చప్పగా అనిపించలేదు. కుటుంబ కథలు, మనసు లోతులు కావాలనుకుంటే మాత్రం ఈయన జోలికి పోకండి. ఆడవాళ్ల గురించి ఒకటి రెండు చోట్ల రాసింది ఇప్పుడు చదివితే చిరాకే, అదీ ముందే చెప్తున్నా.

ఇక నాకు అన్నిటికన్నా నచ్చిన ముచ్చట. రామా లోపల నడుమన ఒక సముద్రం, వడ్డాణంలా చుట్టూరా ఉంటుంది. ఉత్తరం గట్టు 50 మీటర్లే, దక్షిణం గట్టు 500 మీటర్లు. ఎందుకట్లా? ట్రాలీ ఆటోలో మూతలేని నీళ్ల డ్రమ్ము పెట్టి, డ్రైవర్ ఒక్కసారి ఎక్సలేటర్ తిప్పితే నీళ్లు ఎటు పోతాయి? వెనక్కి ఎగదన్నుతాయి. రామాకు దక్షిణమంటే వెనక వైపు. అది వేగం పుంజుకుంటే సముద్రం దక్షిణానికి ఎగదన్నుతుంది, అందుకే అటు గట్టు అంత ఎత్తు కట్టారు. అంటే ఇది ఊరికే కొట్టుకొస్తున్న వస్తువు కాదు, ఎక్కడో ఇంజన్ ఉంది. ఇంజన్ ఎవరికీ కనబడదు. గట్టు ఎత్తును బట్టే లెక్క కడతారు! కట్టినవాళ్లు ఎవరో, ఎటు పోతున్నారో మాత్రం క్లార్క్ చివరిదాకా చెప్పడు. కొందరికి అది లోటు. నాకు అదే రుచి.

రెండోది ‘ది ఫౌంటెన్స్ ఆఫ్ పారడైజ్’, 1979. భూమి నుంచి అంతరిక్షానికి లిఫ్టు కట్టాలనుకునే ఇంజనీరు కథ. క్లార్క్ 1956 నుంచి చనిపోయేదాకా, అంటే 2008 దాకా, శ్రీలంకలోనే ఉన్నాడు. నవల కోసం ఆ ద్వీపాన్నే దక్షిణానికి జరిపి భూమధ్యరేఖ మీద కూర్చోబెట్టి తప్రొబేన్ అని పేరు పెట్టాడు. లిఫ్టు కట్టాల్సిన కొండ మీద బౌద్ధ మఠం ఉంటుంది. ఓపెన్‌కాస్టు బొగ్గు గనుల కింద ఊళ్లు పోయినవాళ్ల మధ్య పెరిగినవాణ్ని కదా, నేను ఇంజనీరు పక్షాన ఉండాలా, సన్యాసుల పక్షాన ఉండాలా అని చాలాసేపు తేల్చుకోలేకపోయాను.

ఆ తర్వాత ‘చైల్డ్‌హుడ్స్ ఎండ్’ (1953) చదవండి, మనసు గట్టి చేసుకుని. ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ సినిమా చూసి బుర్ర తిరిగి ఉంటే క్లార్క్ రాసిన ఆ నవల చదవండి, సగం ముడులు విడిపోతాయి. జెంట్రీ లీతో కలిసి రాసిన రామా సీక్వెల్స్ నేను రెండోదాని మధ్యలో వదిలేశాను. మొదటిదాని నిశ్శబ్దం వాటిలో లేదు.

ఇంకో సంగతి. మన మేడల మీద డిష్షులన్నీ దక్షిణం వైపు మొహం పెట్టుకుని ఉంటాయి చూడండి. భూమధ్యరేఖకు సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహం పెడితే అది ఒకేచోట ఆగినట్టుంటుంది, అట్లాంటివి మూడుంటే ప్రపంచమంతా ప్రసారాలు పంపొచ్చు అని 1945లోనే ఒక రేడియో పత్రికలో రాసింది క్లార్కే. ఇప్పుడు హనుమకొండలో మా మేడ మీద డిష్షు కోతులు కదిపినప్పుడల్లా సరిచేసేది నేనే.

పుస్తకం మాత్రం నన్ను అడగొద్దు. ఒకసారి ఇస్తే అట్ట లేకుండా తిరిగొచ్చింది. ఆబిడ్స్‌కు పోండి, ఆదివారం పొద్దున్నే.