కాళ్లు కుదురుకున్నాయి, మనసు కుదురుకోలేదు

ప్రశ్న: డాక్టరుగారూ, మాది ఖమ్మం. మా బాబుకి మూడో తరగతిలో ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవక, కుదురుగా ఉండలేని సమస్య ఉందన్నారు. అప్పట్లో కుర్చీలో కూర్చునేవాడే కాదు. కొన్నేళ్లు మందులు వాడి, ఎనిమిదో తరగతికల్లా నెమ్మదించాడని మానేశాం. ఇప్పుడు హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి ఇంటర్ ఫస్టియర్ చదువుతున్నాడు. వీక్లీ టెస్టు అంటే ముందురోజే కడుపునొప్పి, రాత్రి నిద్ర ఉండదు. వాళ్ల నాన్న నాటకాలంటున్నారు. పాత జబ్బు పోయి కొత్తది వచ్చిందా?
- ఒక తల్లి

జవాబు: పాతది పోయిందనుకోకండమ్మా. ఏడీహెచ్‌డీలో వయసుతో ముందు తగ్గేవి పరుగులు, గెంతులే. ధ్యాస నిలవకపోవడం, పని మొదలుపెట్టలేకపోవడం చాలామందిలో పెద్దయ్యాకా ఉంటాయి. చూడ్డానికి బుద్ధిగా కూర్చున్నట్టే ఉంటాడు, లోపల కుదురుండదు. ఇంట్లో బ్యాగు సర్దింది, హోంవర్కు గుర్తుచేసింది మీరే అయుంటారు. హాస్టల్లో ఆ తోడు లేదు. సిలబస్ పేరుకుపోతుంది, ర్యాంకులు అందరి ముందూ చదువుతారు. భయం అక్కడ పట్టుకుంటుంది. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకు ఆందోళన తోడవడం మేం తరచూ చూసేదే. అదీ వయసుతో రూపు మారుతుంది. చిన్నప్పుడు అమ్మను వదలనంటారు, ఈ వయసులో నలుగురిలో తప్పుతానేమోనని వణికిపోతారు.

సెలవులకొచ్చినప్పుడు గమనించండి. పరీక్ష ఊసే లేని రోజుల్లోనూ వస్తువులు పోగొట్టుకుంటూ, చెప్పిన పని సగంలో వదిలేస్తుంటే ధ్యాస సమస్య అలాగే ఉన్నట్టు. పరీక్ష మాటెత్తితేనే బుర్ర మొద్దుబారితే భయం పాలు ఎక్కువ. రెండూ ఉండొచ్చు కూడా. సైకియాట్రిస్టు దగ్గరికి పాత ఫైలు తప్పకుండా తీసుకెళ్లండి. 12 ఏళ్లలోపే లక్షణాలు ఉన్నాయా అన్నది ఏడీహెచ్‌డీని తేల్చడంలో కీలకం.

పాత చీటీతో మాత్రలు మాత్రం మొదలుపెట్టొద్దు. ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్ కొందరిలో నిద్ర, ఆకలి తగ్గిస్తుంది. అటమాక్సెటిన్ అనే వేరే రకం మందూ ఉంది. ఏది సరిపోతుందో ఇప్పటి బరువు, బీపీ, నిద్ర చూసి తేల్చాలి. భయానికి సీబీటీ అనే మాటల చికిత్స బాగా పనిచేస్తుంది. తప్పించుకుంటున్న పనిని కొంచెం కొంచెంగా ఎదుర్కోవడం అందులో నేర్పుతారు.

ఆందోళనతో వచ్చే కడుపునొప్పి నిజమైన నొప్పే. నాటకం అన్న మాట వాడి చెవిన పడనివ్వొద్దని వాళ్ల నాన్నకి నా మాటగా చెప్పండి. అవసరమైతే హాస్టల్ మానిపించి ఖమ్మంలోనే డే స్కాలర్‌గా చేర్చండి, అందులో నామోషీ ఏమీ లేదు. ఈసారి ఫోన్‌లో మార్కులు అడక్కండి. తిన్నావా, నిద్రపట్టిందా అనే అడగండి. బతకాలని లేదన్న మాట వస్తే వార్డెన్‌ని వాడి పక్కనే ఉండమని చెప్పి, ఆ రోజే బయల్దేరి వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి రాత్రయినా, పగలయినా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.