మాధవికి, టెంప్ ఫోల్డరు తెరిచే ముందు

చిరంజీవి మాధవికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నాలుగు గంటలు కూర్చుని టైపు చేసిన మూడో అధ్యాయాన్ని సేవ్ చేయకముందే ల్యాప్‌టాప్ ఆగిపోయిందనీ, రిపేరు దుకాణానికి తీసుకువెళ్లకుండా నువ్వే టెంప్ ఫైళ్లు, అంటే కంప్యూటరు తాత్కాలికంగా దాచుకునే ఫైళ్లు, వెతికి తెరుస్తానంటున్నావనీ, పనిలో పనిగా ఆ చెత్తంతా ఊడ్చేస్తానని కూడా అన్నావనీ చెప్పింది. టీవీ ఆగితే పక్కింటి కుర్రాణ్ణి కేకేసే ఇంట్లో పుట్టి, నువ్వే చూసుకుంటానన్నందుకు నాకు గర్వంగానే ఉంది. ఊడ్చేస్తానన్న మాట విన్నాక మాత్రం నిద్ర పట్టలేదు. ఒక్కసారైనా సేవ్ చేయని ఫైలును వర్డ్ మామూలుగా నాలుగు రోజులే దాచి ఉంచుతుంది. ఉత్తరం పోస్టులో వేస్తే నీకు అందేసరికి ఆ గడువు కాస్తా తీరిపోతుంది కాబట్టి, ఇష్టం లేకపోయినా వాట్సాప్‌లో పంపుతున్నాను.

ముందుగా, అధ్యాయం దొరికేదాకా ఏదీ తుడవకు. సెట్టింగ్స్‌లో స్టోరేజ్ సెన్స్ అనేది ఆన్‌లో ఉంటే ఆపెయ్యి, ఎందుకంటే అది మనల్ని అడగకుండానే టెంప్ ఫైళ్లను తీసేస్తుంది. తర్వాత వర్డ్ తెరువు. ఎడమ పక్కన డాక్యుమెంట్ రికవరీ అని ఒక పట్టీ కనబడితే నీ పని సగం అయినట్టే, అందులోని వాటిని ఒక్కొక్కటిగా తెరిచి వేరే పేర్లతో సేవ్ చేసేదాకా ఆ పట్టీని మూయకు. అది రాకపోతే ఫైల్, ఇన్ఫో, మేనేజ్ డాక్యుమెంట్ వరుసలో వెళ్లి, సేవ్ చేయని వాటిని రాబట్టే ఆదేశాన్ని నొక్కు. వర్డ్ తనంతట తాను ప్రతి పది నిమిషాలకు ఒక నకలు తీసుకుంటుంది. ఆ గడువును నువ్వు మార్చి ఉండకపోతే, అన్నీ కలిసివచ్చినా చివరి పది నిమిషాల రాత పోయిందనే అనుకో. దానికి ఏడవకు.

అక్కడా లేకపోతేనే టెంప్ సంగతి. విండోస్ మీటను, ఆర్ అక్షరాన్ని కలిపి నొక్కి, వచ్చిన చిన్న పెట్టెలో ఇంగ్లిషు అక్షరాలతో %టెంప్% అని, ముందూ వెనకా శాతం గుర్తులతో, కొట్టు. తెరుచుకునే ఫోల్డరు నీ యూజరు పేరు కింద, యాప్‌డేటాలో, లోకల్‌లో ఉంటుంది. యాప్‌డేటాను విండోస్ దాచి ఉంచుతుంది కాబట్టి వ్యూ మెనూలో దాచినవాటినీ, ఫైలు పేర్ల చివరి తోకలనూ కనబడేలా పెట్టుకో. అదే యాప్‌డేటాలో రోమింగ్, మైక్రోసాఫ్ట్, వర్డ్ అనే దారిలో ఒక ఫోల్డరు, లోకల్, మైక్రోసాఫ్ట్, ఆఫీస్ దారిలో అన్‌సేవ్డ్‌ఫైల్స్ అనే మరొక ఫోల్డరు ఉంటాయి. నువ్వు అధ్యాయానికి పేరే పెట్టలేదు కాబట్టి, నా అంచనాలో అది టెంప్‌లో కంటే ఈ రెండింటిలోనే ఏఎస్‌డీ తోకతో, అంటే వర్డ్ తనంతట తాను తీసుకున్న నకలుగా, ఉండాలి.

ఇక ఊడ్చడం సంగతి. ఇది మీ అమ్మకు కూడా నేను పూర్తిగా చెప్పలేదు.

2006లో నేను విజయవాడ గవర్నర్‌పేటలో ఒక డీటీపీ సెంటరులో పనిచేసేవాణ్ణి. పదవీ విరమణ చేసిన ఒక తెలుగు మాస్టారు తన జ్ఞాపకాలను మనవడి చేత టైపు చేయించి, సీడీలో జిప్ ఫైలుగా, అంటే కుదించి కట్టిన మూటగా, తెచ్చారు. నేను దాన్ని విప్పి హార్డు డిస్కులో పెట్టుకోకుండా, జిప్ లోపలే ఫైలు మీద రెండుసార్లు నొక్కాను. అలా తెరిస్తే ఆ ఫైలు నకలు ఒకటి టెంప్‌లోకి వెళ్లి అక్కడినుంచి తెరుచుకుంటుందని అప్పుడు నాకు తెలియదు. మాస్టారు కంటి ఆపరేషను చేయించుకుని నల్ల కళ్లద్దాలతో ఉన్నారు. రోజూ మధ్యాహ్నం మూడింటికి గొడుగు ముడుచుకుంటూ వచ్చి నా పక్కన స్టూలు మీద కూర్చునేవారు. నేను పైకి చదివేవాణ్ణి, ఆయన నోటితో దిద్దేవారు, నేను అక్కడికక్కడే టైపు చేసి కంట్రోల్ ఎస్ కొట్టేవాణ్ణి. సేవ్ అయ్యేది, ఏ అడ్డంకీ వచ్చేది కాదు. మర్నాడు వర్డ్ మెనూ అడుగున ఇటీవలి ఫైళ్ల జాబితాలో దాని పేరు నొక్కితే తెరుచుకునేది. అయిదు రోజులపాటు ఆ ఫైలు ఏ ఫోల్డరులో ఉందో ఒక్కసారి కూడా చూడలేదు.

శనివారం సీ డ్రైవు నిండిపోయి కంప్యూటరు మొరాయించింది. కొత్తగా చేరిన కుర్రాడికి పని నేర్పుతున్నానన్న డాబుతో టెంప్ ఫోల్డరు తెరిచి, ‘‘చూడు, ఎంత చెత్త పోగైందో’’ అని, అన్నీ ఎంచి, రీసైకిల్ బిన్‌లోకి కూడా పోకుండా షిఫ్ట్ నొక్కి డిలీట్ కొట్టాను. సోమవారం మాస్టారు వచ్చి కూర్చున్నాక జాబితాలో పేరు నొక్కితే ఫైలు లేదంది. అప్పుడు చదివాను దాని దారిని. మధ్యలో టెంప్ అన్న మాట ఉంది.

అక్కడితో ఆగినా బాగుండేది. కంగారులో, పోయిన ఫైళ్లను రాబట్టే సాఫ్ట్‌వేరు ఒకటి దింపి అదే సీ డ్రైవులో ఇన్‌స్టాల్ చేశాను. డిలీట్ చేసిన ఫైలు వెంటనే చెరిగిపోదు, దాని స్థలం ఖాళీ అని మాత్రమే డిస్కు రాసుకుంటుంది, ఆ ఖాళీలో కొత్తది పడితేనే పాతది పోతుంది. నేను సరిగ్గా ఆ కొత్తదాన్ని చేతులారా తెచ్చి దాని నెత్తిన పోశాను. ఫైలు పేరు దొరికింది కానీ, లోపల ప్రశ్నార్థకాలూ డబ్బాలూ తప్ప ఏమీ మిగలలేదు.

మాస్టారు నన్ను ఒక్క మాట అనలేదు. సీడీలోని దిద్దని ప్రతితో మళ్లీ మొదలుపెట్టాం, రెండు వారాలు పట్టింది. అచ్చుతప్పులన్నీ తిరిగి దొరికాయి. కానీ 1977 దివిసీమ ఉప్పెన రాత్రి గురించి ఆయన ముందు రాయనిది, మొదటిసారి నా పక్కన కూర్చుని ఆపకుండా పేజీన్నర చెప్పారు. రెండోసారి ఆ చోటికి వచ్చేసరికి మూడు వాక్యాలు చెప్పి ఆగిపోయారు. చాలాసేపు గొడుగు పిడి నిమురుతూ కూర్చుని, ‘‘ఇంతే ఉంచండి’’ అన్నారు. పుస్తకంలో ఆ మూడు వాక్యాలే ఉన్నాయి.

అందుకే తల్లీ, టెంప్‌లో కనబడినవాటిని మొదట పెన్‌డ్రైవులోకి కాపీ చేసుకుని, ఆ కాపీలనే తెరువు. నీ ల్యాప్‌టాప్‌లో ఉండేది ఎస్ఎస్‌డీ అనే కొత్తరకం డిస్కు కనుక నీకు నా పాత డిస్కు ఇచ్చినంత వ్యవధి కూడా ఉండదు, ఎందుకంటే డిలీట్ చేసిన స్థలాన్ని అది తనంతట తానే శుభ్రం చేసుకుంటుంది. ఫైళ్లను మార్చిన తేదీ వరుసలో పెట్టి, ల్యాప్‌టాప్ ఆగిన వేళకు దగ్గరగా ఉన్నవాటిని చూడు. ~$ గుర్తులతో మొదలయ్యే బుల్లి ఫైళ్లు నీ పాత అధ్యాయాల పక్కన కనబడతాయి. వాటిలో ఆ ఫైలును ఎవరు తెరిచారన్న పేరు తప్ప రాత ఉండదు, ఆశపడకు. ఏఎస్‌డీ ఫైలును రెండుసార్లు నొక్కి కాకుండా, వర్డ్ ఓపెన్ మెనూ నుంచి తెరువు. టీఎంపీ తోక ఉన్నదాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే గజిబిజే కనబడుతుంది కానీ, మొట్టమొదట పీ, కే అనే ఇంగ్లిషు అక్షరాలు ఉంటే అది జిప్ పద్ధతిలో కట్టిన ఫైలని అర్థం. ఇప్పటి వర్డ్ ఫైళ్లు లోపల జిప్ మూటలే. కాపీకి డాక్స్ (.docx) తోక తగిలించి, వర్డ్‌లో తెరిచి చూడు. మొదట శాతం గుర్తు పక్కన పీడీఎఫ్ అని ఉంటే అది పీడీఎఫ్ ఫైలు, నీ వర్డ్ అధ్యాయం కాదు. నోట్‌ప్యాడ్‌లో ఉన్నప్పుడు సేవ్ మాత్రం నొక్కకు. ఈఎక్స్ఈ తోక ఉన్నది ప్రోగ్రాము, అలాంటిదేదీ, ఎంత ముద్దొచ్చే పేరున్నా, తెరవవద్దు. వైరస్‌లకు కూడా ఆ ఫోల్డరంటే ఇష్టమే.

దొరికినా దొరకకపోయినా రాత్రి ఫోన్ చెయ్యి. అన్నం తినకుండా దాని ముందు కూర్చున్నావని మీ అమ్మ చెబితే మాత్రం ఊరుకోను. అధ్యాయం మళ్లీ రాయాల్సివస్తే ఫోన్‌లో నాకు చెబుతూ రాయి. టైపు చేయడం ఇంకా మరిచిపోలేదు, పదకొండు దాకా మెలకువగానే ఉంటాను.

మీ మామయ్య