పాలసీసా మాన్పించే ముందు ఇంట్లో ఒక్కమాట మీదికి రండి

ప్రశ్న: మాది పర్లాకిమిడి. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. మావారు రాయగడలో ఫ్యాక్టరీలో పనిచేస్తారు. శనివారం రాత్రి వచ్చి సోమవారం తెల్లారకుండానే వెళ్ళిపోతారు. బాబుకి 22 నెలలు. వాడి ఐదో నెలలో నేను మళ్ళీ డ్యూటీలో చేరాను, అప్పటి నుంచి సీసాపాలే. ఇప్పుడు పగలు రెండు, రాత్రి మూడు సీసాలు తాగుతాడు, ఒక్కోటి పావులీటరు. మా అత్తగారు అందులో పంచదార కలుపుతారు. అన్నం రెండు ముద్దలు తిని ఉమ్మేస్తాడు. పైన ముందు పళ్ళు రెండూ గోధుమరంగుకి తిరిగాయి. బరంపురంలో డాక్టరుగారు రక్తపరీక్ష చేయించి, హిమోగ్లోబిన్ 8.6 మాత్రమే ఉందని ఐరన్ సిరప్ రాసి, సీసా మాన్పించమన్నారు. పాలపీకకి వేపాకు నూరి రాశాను. వాడు ఏడ్చి ఏడ్చి వాంతి చేసుకున్నాడు. అత్తగారు లేచి వచ్చి, "పసివాణ్ణి ఏడిపించి ఏం సాధిస్తావు" అని ఎత్తుకెళ్ళి, సీసా కడిగి పాలు పట్టేశారు. అప్పటి నుంచి మా ఇద్దరికీ సరిగా మాటల్లేవు. మావారిని అడిగితే "మీరూ మీరూ చూసుకోండి" అంటారు. నేను ఉద్యోగానికి వెళ్ళడం వల్లే వీడికిలా అయిందా? రాత్రి నిద్ర లేదు, పగలంతా టెన్షన్.

జవాబు: అమ్మా, ముందు మీ చివరి ప్రశ్నకి జవాబు. మీ ఉద్యోగం వల్ల వాడికేమీ కాలేదు. ఐదు నెలల బిడ్డని ఇంట్లో వదిలి వెళ్ళే తల్లికి, పాలు పిండి ఉంచితే గిన్నెతోనో చెంచాతోనో పట్టొచ్చని ఎవరైనా పక్కన కూర్చుని నేర్పి ఉంటే సీసా అవసరం పడేది కాదేమో. ఎవరూ నేర్పలేదు. మీకు తెలిసిన దారిలో వాడి కడుపు నింపారు. ఇక ఆ బెంగ పెట్టుకోకండి. రాబోయే నెలరోజుల పనికి మీకు ఓపిక కావాలి.

వేపాకు రాసిన రాత్రి సంగతి వాడి వైపు నుంచి చూడండి. పదిహేడు నెలలుగా నోట్లో పాలపీక ఉంటేనే నిద్రపోవడం అలవాటైన పిల్లాడు. రాత్రి నిద్ర ఎవరికైనా నాలుగైదు సార్లు తేలికపడుతుంది. మనం అటు తిరిగి పడుకుంటాం, పొద్దునకి గుర్తు కూడా ఉండదు. కానీ తలకింది దిండు ఎవరో లాగేస్తే పూర్తిగా మెలకువ వచ్చి వెతుక్కుంటాం కదా. వాడూ అంతే, నిద్రపోయేటప్పుడు నోట్లో ఉన్నది మెలకువ వచ్చేసరికి లేకపోతే ఏడుస్తాడు. రాత్రి మూడు సీసాలు ఆకలితో అడుగుతున్నవి కావు. ఏడాది దాటిన బిడ్డ పగలు సరిగా తింటే రాత్రి పాలు లేకుండా హాయిగా ఉండగలడు. ఆ రాత్రి ఒక్కసారిగా వాడి నిద్ర పోయింది, నమ్మకంగా నోట పెట్టుకున్నది చేదెక్కింది, అమ్మా నాన్నమ్మా గట్టిగా మాట్లాడుకున్నారు. చివరికి వాంతయ్యేదాకా ఏడిస్తే సీసా వస్తుందని కూడా తెలిసింది. మళ్ళీ అలాగే చేస్తే ఈసారి ఇంకా ఎక్కువ ఏడుస్తాడు. అందుకే చేదు పూయడం, కారం రాయడం, బూచాడు ఎత్తుకుపోయాడని బెదిరించడం వద్దు. ఇంట్లో పెద్దవాళ్ళు ముగ్గురూ ఒప్పుకునేదాకా రాత్రి సీసా జోలికి వెళ్ళకండి. ఒక వారం ఆలస్యమైనా ఫర్వాలేదు.

అయితే అసలు మాన్పించాలా, పెద్దయితే వాడే మానేస్తాడా అని మీ అత్తగారు అడుగుతారు. అడగడంలో తప్పు లేదు, కాబట్టి లెక్క చెబుతాను. ఈ వయసు పిల్లలకి రోజు మొత్తానికి సుమారు 1000 కేలరీలు కావాలి. లీటరుంబావు ఆవుపాలలోనే 800 దాకా వచ్చేస్తాయి, పంచదార లెక్క వేరే. ఇక అన్నానికి ఆకలి ఎక్కణ్ణుంచి వస్తుంది? రక్తం పట్టడానికి రోజుకి 8 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, లీటరు పాలలో ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. పైగా పాలలోని కాల్షియం వేరే తిండిలో ఉన్న ఇనుముని కూడా ఒంటికి సరిగా పట్టనివ్వదు. పాలు బలమే, కానీ రోజుకి 400 నుంచి 500 మిల్లీలీటర్ల వరకే. అది దాటితే రక్తం తగ్గుతుంది, మలబద్ధకం వస్తుంది, తిండి సహించదు. మీవాడికి జరుగుతున్నది సరిగ్గా ఇదే. వాడు మొండిగా తినడం లేదని ఎవరూ కోప్పడకండి, వాడి కడుపులో చోటు లేదు.

ఇప్పుడు మీ అత్తగారి సంగతి. ఉత్తరంలో మీకు బాగా బాధ కలిగించింది ఇదేనని నాకు అర్థమైంది. కానీ మనవడు వాంతి చేసుకునేంతగా ఏడుస్తుంటే పక్కగదిలో పడుకోగల నాన్నమ్మ ఎక్కడ ఉంటుంది? పైగా మీరు స్కూల్లో ఉన్నంతసేపూ వాణ్ణి సాకేది ఆవిడే. గంటసేపు వెంటపడి అన్నం తినిపించే ఓపిక ఆ వయసులో ఉండదు, సీసా ఇస్తే పది నిమిషాల్లో పని అయిపోతుంది. ఆవిడని పక్కన పెట్టి మీరు ఒక్కరే ఈ పని చేయలేరు. ఆవిడ మీ వైపు ఉంటే సగం పని అయిపోయినట్టే.

మీవారు ఇంట్లో ఉన్న ఆదివారం పొద్దున్న, వాకిట్లో వెలుతురు బాగా ఉన్నప్పుడు, బాబుని ఆవిడ ఒళ్ళోనే కూర్చోబెట్టండి. వాడి పై పెదవి మెల్లగా పైకెత్తి చూపించండి. చిగురు దగ్గర తెల్లటి గీత, దాని కింద గోధుమరంగు కనిపిస్తాయి. కింది పళ్ళు శుభ్రంగా ఉంటాయి, ఎందుకంటే సీసా తాగేటప్పుడు నాలుక వాటిని కప్పేస్తుంది. రాత్రి నిద్రలో నోట్లో లాలాజలం తగ్గిపోతుంది, తీపిపాలు తెల్లవార్లూ పై పళ్ళకే అంటుకుని ఉంటాయి. ఇదంతా మీరు చెప్పనక్కర్లేదు, ఆవిడ కళ్ళతో ఆవిడ చూస్తే చాలు. రక్తపరీక్ష కాగితం మీవారు చదివి వాళ్ళమ్మకి చెప్పాలి. కోడలు చెబితే నెపం వేసినట్టు వినిపించే మాట కొడుకు నోట వస్తే కబురులా వినిపిస్తుంది. ఆ తర్వాత మీరు, "అత్తయ్యా, ఆ రోజు వేపాకు రాసి నేను వాణ్ణి బాగా ఏడిపించాను, మీకు బాధ కలిగింది. ఈసారి మీరు చెప్పినట్టే మెల్లగా చేద్దాం, దగ్గరుండి నడిపించండి" అనండి. మీవారిని ఆవిడ ఎలా పెంచారో కూడా అడగండి. ఆ రోజుల్లో చాలా ఇళ్ళల్లో ఉగ్గుగిన్నెతో పాలు పట్టి, ఏడాది నిండేసరికి గ్లాసు చేతికిచ్చేవారు. ఆవిడకి గుర్తు వస్తే మీకన్నా ముందు ఆవిడే సీసా వద్దంటారు.

ఆ కూర్చోవడంలోనే తేల్చుకోవాల్సింది ఒకటుంది. మధ్యలో ఏడుపు భరించలేకపోతే ఆవిడ ఏం చేయాలి? సీసా ఇవ్వడం తప్ప ఏమైనా చేయొచ్చు. ఎత్తుకోవచ్చు, భుజాన వేసుకుని నడవచ్చు, పాట పాడొచ్చు. ఆ నాలుగు రాత్రులు కూతురింటికి వెళ్ళొస్తానంటే నొచ్చుకోకుండా వెళ్ళిరానివ్వండి.

పంచదార మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేకుండా తగ్గించొచ్చు. రోజుకి కొంచెం చొప్పున వారంలో పూర్తిగా మానేయండి. తర్వాత పగటి సీసాలు. పొద్దున్నది ముందు తీసేయడం సులువు, వాడు ఆటల్లో ఉంటాడు. చిన్న స్టీలు గ్లాసులో సగానికి పాలు పోసి, మీ చేతిలో మీ టీ గ్లాసుతో పక్కన కూర్చోండి. ఒలకబోస్తాడు, ఒలకబోయనివ్వండి. గ్లాసులో పాలు అసలు ముట్టనంటే రెండు మూడు రోజులు పాలు లేకపోయినా ఏమీ కాదు, పెరుగన్నం పెట్టండి. సాయంత్రం సీసాని మరో వారంలో ఇలాగే మార్చండి. జ్వరం, జలుబు, కొత్త పన్ను వస్తున్న రోజుల్లో మొదలుపెట్టవద్దు.

కష్టమైనది రాత్రి. ఇక్కడే మీవారు కావాలి. "మీరూ మీరూ చూసుకోండి" అనే మాట ఈ ఒక్క విషయంలో చెల్లదు, నేను చెప్పానని చెప్పండి. శనాదివారాలకి ముందు రెండు రోజులో వెనక రెండు రోజులో సెలవు పెట్టమనండి. అమ్మ పక్కన ఉంటే పిల్లాడికి పాలే గుర్తొస్తాయి, నాన్న పక్కన పడుకుంటే తొందరగా సర్దుకునే పిల్లలు చాలామంది. ఆ సెలవు రోజులకి రెండు వారాల ముందు నుంచే రాత్రి సీసాల్లో పాలు తగ్గిస్తూ రండి. రెండు రాత్రులకొకసారి ప్రతి సీసాలో 30 మిల్లీలీటర్లు తక్కువ పోయండి. 60కి వచ్చేసరికి వాడి కడుపు రాత్రి పాలకోసం ఎదురుచూడటం దాదాపు మానేస్తుంది, మిగిలేది అలవాటు. ఆ అలవాటు మాన్పించే నాలుగు రాత్రులకి మీవారు ఇంట్లో ఉండాలి.

ఆ రాత్రుల్లో ఏడున్నరకల్లా అన్నం, తర్వాత గ్లాసుతో కొద్దిగా పాలు, ఆ తర్వాత పళ్ళు తోమడం. బియ్యపు గింజంత ఫ్లోరైడ్ పేస్టు చాలు. పళ్ళు తోమాక మంచినీళ్ళు తప్ప ఏమీ లేదు. దోమతెర, ఫ్యాన్ సరిచూసుకోండి, ఉక్కకీ దోమలకీ లేచిన పిల్లాణ్ణి కూడా మనం పాలకోసం లేచాడనుకుంటాం. రోజూ ఒకే జోలపాట, ఒకే దుప్పటి. రాత్రి రెండింటికి లేచి "పాలు" అంటాడు. లైటు వేయకండి. వంటింట్లో గిన్నె చప్పుడు కూడా కాకూడదు, ఆ చప్పుడు విన్నాడంటే ఆశ పుడుతుంది. వీపు మీద చెయ్యి వేసి, "రాత్రి పాలు లేవు నాన్నా, తెల్లారాక తాగుదాం" అని ఒకటే మాట మళ్ళీ మళ్ళీ అనండి. దాహమైతే గ్లాసుతో నీళ్ళు. ఏడుస్తాడు. మొదటి రెండు రాత్రులు బాగా ఏడుస్తాడు. కానీ ఒంటరిగా ఏడవడం వేరు, నాన్న గుండెల మీద ఏడవడం వేరు. పక్కింటివాళ్ళు ఏమనుకుంటారో అని జంకు ఉంటే ముందురోజే ఒకమాట చెప్పి ఉంచండి. మూడు నాలుగు రాత్రులకి చాలామంది పిల్లలు సర్దుకుంటారు, కొందరికి పది రోజులు పడుతుంది. సీసాలన్నీ ఇంట్లోంచి తీసేయండి. అటక మీద ఒకటి దాచి ఉంచితే ఏదో ఒక రాత్రి ఎవరో ఒకరు దించుతారు.

పాలు తగ్గిన వారంలోనే ఆకలి మొదలవుతుంది, అప్పుడు ఏం పెడతారన్నది ముఖ్యం. చోడిపిండి (రాగిపిండి) జావ, మెత్తటి పప్పన్నం, ఉడికించిన గుడ్డు, ముళ్ళు తీసిన చేప, మునగాకు వేసిన పప్పు. పప్పులో నిమ్మరసం పిండితే ఇనుము బాగా పడుతుంది. అంగన్‌వాడీలో ఇచ్చే ఛతువా పిండిని జావలా కాచి పెట్టొచ్చు, అందులో ఇంకా పంచదార వేయకండి. టీలో ముంచిన బిస్కెట్టు మాత్రం వద్దు, టీ కూడా ఇనుముని అడ్డుకుంటుంది. ఈ తిండి బాధ్యత మీ అత్తగారికే అప్పగించండి. పొద్దున జావ ఎంత తాగాడో ఆవిడ చెప్పాలి, మీరు స్కూలు నుంచి రాగానే ముందు అదే అడగాలి.

డాక్టరుగారు రాసిన ఐరన్ సిరప్ పాలతో కలిపి పట్టకండి, పాలకీ దానికీ కనీసం గంట ఎడం ఉండాలి. విరేచనం నల్లగా రావచ్చు, పళ్ళమీద నల్లటి మరక పడవచ్చు, దానికి భయపడి ఆపకండి, వేశాక నీళ్ళు తాగించండి. ఆశా దీదీ వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు వేయమని ఇచ్చే సీసా రక్తం తగ్గకుండా ముందుజాగ్రత్త కోసం. మీవాడికి ఇప్పటికే తగ్గింది కాబట్టి డాక్టరుగారు రాసిన మోతాదే వేయాలి. రెండూ కలిపి వేయాలో లేదో ఆయన్ని అడగండి. నులిపురుగుల మాత్ర వేయించారో లేదో కూడా అడగండి. నెల తర్వాత రక్తపరీక్ష మళ్ళీ చేయించండి. మందు సరిగా పడితే హిమోగ్లోబిన్ కనీసం ఒక గ్రాము పెరగాలి. పెరగకపోతే సికిల్ సెల్, తలసీమియా అనే పుట్టుకతో వచ్చే రక్తజబ్బుల పరీక్షలు అడిగి చేయించండి. మన ఆంధ్రా-ఒడిశా సరిహద్దు జిల్లాల్లో అవి అరుదేమీ కాదు, మలేరియా కూడా రక్తం తగ్గిస్తుంది.

పళ్ళని మాత్రం సీసా మానేదాకా వాయిదా వేయకండి. ఊడిపోయే పళ్ళే కదా అంటారు. ఆ ముందు పళ్ళు ఆరేడేళ్ళ వరకు ఉండాలి. పుచ్చు లోపలికి దిగితే వాపు, నొప్పి, ఉన్న తిండి కూడా తినడు. అంగన్‌వాడీకి వచ్చే ఆర్‌బీఎస్‌కే (ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం) డాక్టర్లు పిల్లల పళ్ళూ చూస్తారు, అవసరమైతే ఉచిత వైద్యానికి చీటీ రాసి పంపుతారు. వాళ్ళు వచ్చే రోజు ఎప్పుడో కార్యకర్తని రేపే అడగండి. అది బాగా దూరముంటే శ్రీకాకుళమో విశాఖో వెళ్ళి పిల్లల పళ్ళ డాక్టరుకి చూపించండి, మీ అత్తగారిని కూడా వెంట తీసుకెళ్ళండి.