టెక్ సందేహాలు: మీ కోడ్‌లో 18 ఎన్ని చోట్ల ఉంది?

ప్రశ్న: కూకట్‌పల్లిలో నలుగురం కలిసి కార్ల సర్వీసింగ్ సెంటర్లకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నడుపుతున్నాం. ఆరేళ్ల కిందటి కోడ్. మొదట రాసినతను మానేశాడు. ఒకచోట ముట్టుకుంటే ఇంకోచోట పాడవుతోంది. అంతా పక్కన పడేసి మైక్రోసర్వీసెస్‌తో, అంటే విడివిడిగా నడిచే చిన్న చిన్న ప్రోగ్రాములుగా, కొత్తగా రాయమని మిత్రులు అంటున్నారు. రాయమంటారా?

జవాబు: వద్దండీ. ఇప్పుడు చిక్కుముడి ఒక్క ప్రోగ్రాంలో ఉంది. దాన్ని పది ప్రోగ్రాములకు పంచి, మధ్యలో నెట్‌వర్క్ తిప్పలు కూడా తెచ్చుకోవడం ఎందుకు? ఎవరి పని వాళ్లు విడిగా రిలీజ్ చేసుకోవాల్సిన పెద్ద టీములకు అది పనికొస్తుంది. మీరు నలుగురూ ఒకే గదిలో కూర్చుంటారు.

ముందు మీ కోడ్ మొత్తంలో 18 అని వెతకండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆటో విడిభాగాలన్నింటికీ జీఎస్టీ 18 శాతం అయింది కదా, అంతకుముందు చాలావాటికి 28 ఉండేది. ఆ వారం ఎన్ని ఫైళ్లు తెరిచారో గుర్తుందా? ఒకే రేటు అన్నిచోట్ల రాసి ఉండటమే అసలు జబ్బు.

మనం ప్రోగ్రాంను సాధారణంగా పని జరిగే వరుసలో ముక్కలు చేస్తాం: ఎంట్రీ, లెక్క, ప్రింటు. కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ పార్నాస్ 1972లో రాసిన పేపర్‌లో వేరే దారి చూపించారు. ఏయే నిర్ణయాలు మారేలా ఉన్నాయో ముందు రాసుకుని, ఒక్కోదాన్ని ఒక్కో మాడ్యూల్‌లో (ప్రోగ్రాంలో విడిగా ఉండే భాగంలో) దాచమన్నారు. ఆ నిర్ణయం మారిననాడు మిగతా కోడ్‌కు ఆ సంగతే తెలియక్కర్లేదు.

ఏవి మారతాయో తెలుసుకోవడానికి జోస్యం అక్కర్లేదు, హైదరాబాద్‌లో ఉన్నారుగా! బండి నంబరు ఏపీతోనే మొదలవ్వాలని రాసుకున్న ప్రోగ్రాం 2014లో టీఎస్ రాగానే చతికిలబడింది. సరే, టీఎస్ చేర్చారు. 2024 మార్చిలో టీజీ వచ్చింది. పాత బళ్లు పాత నంబర్లతోనే తిరుగుతున్నాయి కాబట్టి మూడూ చెల్లాలి. జిల్లాలూ అంతే: 10 కాస్తా 2016లో 31, 2019లో 33. ప్రభుత్వం మార్చేవన్నీ కోడ్‌లో కాదు, డేటాబేస్‌లో విడిగా ఉండే పట్టికలో, అంటే టేబుల్‌లో ఉండాలి.

టేబుల్ పెట్టాక కూడా 28 చెరిపేసి 18 రాస్తే గోతిలో పడతారు. ఆగస్టు బిల్లు మళ్లీ ప్రింట్ తీస్తే 18 అని వస్తుంది, కస్టమరు కట్టింది 28. రేటు పక్కన ‘ఎప్పటి నుంచి’ అనే తేదీ ఉంచండి. పాత వరుస అలాగే వదిలి కొత్తది చేర్చండి. బిల్లు కొట్టిన రోజు రేటు ఎంతో ఆ బిల్లులోనే రాసి పెట్టుకోండి.

ఇదంతా ఒక్క రాత్రిలో వద్దు. పాత బిల్లులు ఒక యాభై తీసుకుని, మార్పుకు ముందూ తర్వాతా నడిపి, పైసాతో సహా సరిపోతున్నాయో లేదో చూడండి. సరిపోతేనే తర్వాతి మార్పు.

ప్రశ్న: కోడ్‌కు కామెంట్లు ఇప్పుడు ఏఐ రాసిపెడుతోంది. ఇంకా మనం రాయాలా? (దిల్‌సుఖ్‌నగర్ నుంచి)

జవాబు: రాయాలి. ప్రోగ్రామర్‌గా ఉన్న రోజుల్లో ‘కస్టమర్ 47 అయితే రౌండాఫ్ చేయొద్దు’ అన్న లైను కనిపిస్తే చెత్త అనుకుని తీసేశాను. నెలాఖరున ఆ 47వ కస్టమరే ఫోన్ చేశాడు. ఆ లైను ఏం చేస్తుందో ఏఐ చక్కగా చెబుతుంది. ఆ పెద్దాయనకు మావాళ్లు ఎప్పుడో ఇచ్చిన మాట దానికెలా తెలుస్తుంది?