మూడు వారాలు జవాబు రాకపోతే వదిలేయాలా?

ప్రశ్న: పైథాన్ నేర్చుకుని రెండేళ్లయింది. ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో తప్పు కనిపిస్తే సరిచేసి పుల్ రిక్వెస్ట్ (నా మార్పును ప్రాజెక్టులో కలపమనే అభ్యర్థన) పంపాను. మూడు వారాలు ఉలుకూ పలుకూ లేదు. ఆ తర్వాత 'టెస్టులు జత చేయండి' అని, అంటే కోడ్ సరిగ్గా పనిచేస్తోందో తనిఖీ చేసే చిన్న కోడ్ రాయమని, ఒక్క ముక్క రాశారు. నా పని నచ్చలేదేమోనని టెన్షన్‌గా ఉంది. ఇంగ్లిష్ కూడా అంతంతమాత్రమే. మానేయమంటారా మేడమ్?

జవాబు: మానేయొద్దు. మీ మార్పు అక్కర్లేదనుకుంటే టెస్టులు అడగరు, మూసేస్తారు. ఆ ఒక్క ముక్కను నేనైతే మంచి కబురుగానే తీసుకుంటాను.

నేను మొదట పంపింది కోడ్ కూడా కాదు. ఒక ప్రాజెక్టు ఇన్‌స్టాలేషన్ సూచనల్లో ఒక కమాండ్ రాయడం మరిచిపోయారు, అది చేర్చాను. ఒక్క లైను. కానీ సేవ్ చేసేటప్పుడు నా ఎడిటర్ ఫైలంతటా ట్యాబులు తీసేసి స్పేసులు పెట్టిందని గమనించలేదు. తెరిచి చూస్తే పై నుంచి కింది దాకా అన్నీ ఎరుపు (తీసేసినవి), ఆకుపచ్చ (చేర్చినవి) గీతలే. 'పంపే ముందు డిఫ్ చూసుకోండి' అని, అంటే పాత ఫైలుకూ కొత్తదానికీ తేడా చూసుకోమని, జవాబొచ్చింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున మళ్లీ చదివితే దాని కిందే ఇంకో వాక్యం ఉంది: ఆ ఒక్క లైనే విడిగా పంపితే కలుపుతాను అని. బాధలో నా కంటికి అది ఆనలేదు.

ఇక ఆ మౌనం గురించి. 2014లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో బయటపడినప్పుడు, సమాచారాన్ని రహస్యంగా పంపడానికి లెక్కలేనన్ని వెబ్‌సైట్లు ఆధారపడిన ఆ సాఫ్ట్‌వేర్‌కు పూర్తికాలం పనిచేసేది ఒక్కరేనని లోకానికి తెలిసింది. చాలా ప్రాజెక్టుల్ని ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ మిగిలిన గంటల్లో నడుపుతుంటారు. రెండు వారాలు ఆగి, 'వీలైనప్పుడు చూడగలరా' అని ఒకసారి గుర్తుచేయడం తప్పు కాదు. అలాగని మాట తూలేవాళ్లను భరించాలని కాదు. చాలా ప్రాజెక్టులకు ప్రవర్తనా నియమావళి ఉంటుంది, ఫిర్యాదు ఎవరికి చేయాలో అందులోనే రాసి ఉంటుంది.

ఇప్పుడు మీ టెస్టు. ప్రాజెక్టులో టెస్టుల ఫోల్డర్ తెరిచి, మీరు మార్చిన ఫంక్షన్‌కు దగ్గరగా ఉన్న టెస్టును నమూనాగా తీసుకోండి. మీ మార్పు తీసేస్తే ఫెయిలవ్వాలి, పెడితే పాసవ్వాలి. అలాంటిది ఒక్కటి రాసినా మీ సవరణ దేనికో చూసేవాళ్లకు తెలిసిపోతుంది. ఎక్కడైనా ఆగిపోతే 'పనిచేయడం లేదు' అని వదిలేయకండి. ఏ వెర్షన్, ఏ కమాండ్ ఇచ్చారు, ఏ ఎర్రర్ వచ్చిందో ఉన్నదున్నట్టు అతికించండి. అలా అడిగినప్పుడే నాకు ముక్కూ మొహం తెలియనివాళ్లు గంటలకొద్దీ కూర్చుని సాయం చేశారు. దానికి గొప్ప ఇంగ్లిష్ అక్కర్లేదు, పొట్టి వాక్యాలు చాలు. మీలాగే అది మాతృభాష కానివాళ్లు అక్కడ చాలామంది ఉంటారు.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. టెస్టు కోసం కొత్త రిక్వెస్ట్ తెరవొద్దు. అదే బ్రాంచికి (మీ మార్పు ఉన్న కాపీకి) పుష్ చేస్తే, అంటే పంపితే, పాతదాంట్లోనే చేరుతుంది. 'టెస్టు జత చేశాను, ధన్యవాదాలు' అని కింద రాయండి.