గడియారం తప్పితే లైనక్సూ తప్పుతుంది

ప్రశ్న: బొబ్బిలిలో మా ట్యూషన్ కేంద్రంలో లైనక్స్ వేసిన పాత డెస్క్‌టాప్ ఉంది. రాత్రి కరెంటు పోతే, ఉదయం ఎఫ్1 నొక్కమంటుంది. తరువాత డిస్కు తనిఖీ దగ్గర ఆగుతుంది. ఎలాగో తెరుచుకున్నా, 8.8.8.8 (గూగుల్ సర్వర్ చిరునామా)కు పింగ్ (కనెక్షన్ ఉందో లేదో చూసే పరీక్ష) వెళుతుంది కానీ వెబ్‌సైట్లేవీ తెరుచుకోవు. డిస్కు మార్చాలా, నెట్‌వర్క్ కార్డు మార్చాలా?

జవాబు: రెండూ మార్చకండి, డబ్బు వృథా అవుతుంది. మీరు రాసిన మూడు లక్షణాలూ మదర్‌బోర్డు మీది సీమాస్ బ్యాటరీ అయిపోయిందనే సూచిస్తున్నాయి. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే కనుక, అది నీరసిస్తే తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. అప్పుడు డిస్కు చివరిసారి వాడిన సమయం భవిష్యత్తులో ఉన్నట్టు కనబడి తనిఖీ అడ్డుపడుతుంది, వెబ్‌సైట్ల భద్రతా సర్టిఫికెట్లు ఇంకా అమల్లోకి రానట్టు తోచి బ్రౌజర్ వాటిని తిరస్కరిస్తుంది. పింగ్‌కు సర్టిఫికెట్‌తో పనిలేదు కాబట్టే అది వెళుతోంది. టెర్మినల్‌లో 'డేట్' (date) అని కొట్టి చూడండి.

వాచీలు బాగుచేసే దుకాణంలో సీఆర్2032 బ్యాటరీ అడగండి. ఆ అంకెల్లోనే కొలత ఉంది: 20 మి.మీ. వ్యాసం, 3.2 మి.మీ. మందం. ప్లగ్ పూర్తిగా తీసేసి, పక్కనున్న సన్నటి కొక్కేన్ని గోటితో మెల్లగా నొక్కితే పాత బిళ్ల పైకి లేస్తుంది. కొత్తది ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టండి. తరువాత బయాస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల్లో) తేదీతో పాటు బూట్ వరుసనూ, అంటే ఏ డిస్కు నుంచి ముందుగా మొదలవ్వాలన్న క్రమాన్నీ, సరిచూడండి. అప్పటికీ తనిఖీ ఆగితే, లైవ్ పెన్‌డ్రైవ్‌తో (లైనక్స్‌ను నేరుగా నడిపే పెన్‌డ్రైవ్‌తో) తెరిచి, డిస్కును తనిఖీ చేసి సరిచేసే ఎఫ్‌ఎస్‌సీకే (fsck) ఆదేశం నడపండి. వాడుకలో ఉన్న డిస్కు విభాగం మీద మాత్రం దాన్ని ఎన్నడూ నడపకండి, పిల్లల పాఠాలన్నీ పోవచ్చు.