ఏడేళ్లకే ఎదుగుదల మొదలైతే?

ప్రశ్న: మా పాపకు ఏడేళ్ల నాలుగు నెలలు. స్నానం చేయిస్తుంటే ఎడమ చనుమొన కింద చింతగింజంత గట్టిగా తగిలింది. ముట్టుకుంటే నొప్పంటోంది. కుడివైపు ఏమీ లేదు. చికెన్ తినడం వల్లే అంటున్నారు మా అత్తగారు. ఇప్పుడే పెద్దమనిషి అయిపోతుందా?
– ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: మీ చేతికి తగిలింది రొమ్ము మొగ్గ అయి ఉంటుంది. ముందు ఒకవైపే రావడం మామూలే. గడ్డేమోనని ఎవరైనా ముక్క తీయిద్దామంటే మాత్రం తొందరపడి ఒప్పుకోకండి. రేపు రొమ్మంతా పెరగాల్సింది ఆ కాస్త కణజాలం నుంచే. అది దెబ్బతింటే మళ్లీ రాదు. అనుమానముంటే ముందు స్కానింగ్ చాలు.

మెదడులోని హైపోథలామస్ జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్‌ను విడతలు విడతలుగా వదులుతుంది. చిన్నతనంలో అణిగి ఉండే ఈ పని, ఈడొచ్చే ముందు మొదట రాత్రి నిద్రలో ఊపందుకుంటుంది. దాంతో మెదడు కిందుండే పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్లను విడుదల చేస్తే, అండాశయాలు ఈస్ట్రోజెన్ తయారుచేస్తాయి. ఆడపిల్లల్లో ఇది సాధారణంగా 8–13 ఏళ్ల మధ్య మొదలవుతుంది. మొగ్గ వచ్చాక రజస్వల కావడానికి మామూలుగా రెండు, రెండున్నరేళ్లు పడుతుంది.

పాపకు ఎనిమిది నిండలేదు కాబట్టి చూపించడం తప్పదు. నిమ్స్, ఉస్మానియా ఆసుపత్రుల్లో ఎండోక్రైనాలజీ విభాగాలున్నాయి. అసలు దిగులు ఎత్తు గురించి. ఈస్ట్రోజెన్ ఎముకలను ముందు గబగబా పెంచి, తర్వాత వాటి చివర్లలోని ఎదుగుదల పలకలను మూసేస్తుంది. క్లాసులో ఇప్పుడు అందరికంటే పొడవున్న పిల్ల పెద్దయ్యాక పొట్టిగా మిగిలిపోవచ్చు. పాత ఎత్తు కొలతలుంటే వెంట తీసుకెళ్లండి. ఎడమ చెయ్యి, మణికట్టు ఎక్స్‌రేతో ఎముకల వయసు, అంటే అవి ఎంతవరకు ముదిరాయో తేలుతుంది. ఉదయం తీసిన రక్తంలో ఎల్‌హెచ్ లీటరుకు 0.3 యూనిట్లు దాటితే మెదడు నుంచే సంకేతం మొదలైందని అనుమానిస్తారు. తక్కువ వచ్చినంత మాత్రాన కొట్టిపారేయరు, జీఎన్‌ఆర్‌హెచ్ లాంటి ఇంజెక్షన్ ఇచ్చి మళ్లీ కొలుస్తారు.

ఎముకల వయసు ముదరకపోతే మూడు నెలలకోసారి ఎత్తు కొలుస్తూ గమనిస్తే చాలు. వేగంగా ముదురుతుంటే ల్యూప్రొలైడ్ ఇంజెక్షన్ ఇస్తారు. అదీ జీఎన్‌ఆర్‌హెచ్ లాంటిదే, కానీ విడతలుగా కాక ఎడతెగకుండా అందేసరికి పిట్యూటరీ స్పందించడం మానేస్తుంది. మందు ఆపాక ఈడొచ్చే ప్రక్రియ మళ్లీ మొదలవుతుంది.

చికెన్ మాన్పించక్కర్లేదు. బ్రాయిలర్ కోడి త్వరగా పెరిగేది హార్మోన్ల వల్ల కాదు, జాతి ఎంపిక, దాణా వల్ల. బరువు ఎక్కువుంటే మాత్రం తగ్గించాలి, ఒంట్లో కొవ్వుకూ తొందరగా ఈడు రావడానికీ సంబంధం ఉంది.

ప్రశ్న: మా బాబుకు పదమూడేళ్లు. రొమ్ము కింద బిళ్లలా ఉబ్బింది. షర్టు విప్పడానికి సిగ్గుపడుతున్నాడు.
– ఒక తండ్రి, మలక్‌పేట

జవాబు: ఈ వయసు మగపిల్లల్లో చాలామందికి వస్తుంది. టెస్టోస్టిరాన్ ఇంకా పూర్తిగా పుంజుకోకముందే ఈస్ట్రోజెన్ పాళ్లు కాస్త పైచేయి కావడమే కారణం. ఎక్కువమందిలో ఏడాది రెండేళ్లలో దానంతటదే కరిగిపోతుంది. లేపనాలు రుద్దకండి, నొక్కి చూడకండి. ఈ సంగతి బాబుకు మీరే చెప్పండి. ఒకవైపే గట్టిగా పెరుగుతున్నా, చనుమొన నుంచి ద్రవం కారుతున్నా, వృషణాలు ఇంకా చిన్నగానే ఉన్నా డాక్టరుకు చూపించండి.